గుట్టకు తిరిగిచ్చిన కలివి మొక్క

మా చిన్నప్పుడు కలివి పండ్లు ఎన్నయినా తినొచ్చు... గింజ మాత్రం గుట్ట దిగకూడదు.

దొడ్డబళ్ళాపురం దగ్గర మా ఊరు. ఊరి వెనక రాతి గుట్ట, దాని మీద ముళ్ళ పొదలతో చిన్న అడవి. ఎండాకాలం సెలవుల్లో పిల్లలమంతా పైకెక్కి, నల్లగా పండిన కలివి పండ్లు నోరు ఊదారంగు తిరిగేదాకా తినేవాళ్ళం. గింజలు అక్కడే ఉమ్మాలి. అది ఊరి కట్టు.

దిగేసరికి కింద బండ మీద మా అవ్వ...

"నోరు చూపించు. ఊఁ, బాగా మేసినావు. ఇప్పుడు జేబు చూపించు."

ఎవరి జేబులో గింజ కనబడినా మళ్ళీ పైకి తరిమేది. "గుట్ట మనకు పండు పెడతాది. దాని బిడ్డల్ని ఎత్తుకొస్తారేమిరా?"

పెళ్ళయిన కొత్తలో సరళకు గుట్ట చూపించాను. బెంగళూరు నగర్తపేటలో, అంగడి వెనక ఇంట్లో పెరిగిన మనిషి. గింజలు కర్చీఫులో మూట కట్టుకుని దిగింది.

"ఏమ్మా, గుట్టేమన్నా మీ నాయన అంగడి అనుకుంటివా?" అంది అవ్వ.

"కుండీలో వేసుకుందామని, అవ్వా."

"కుండీలో కాపురం చేస్తాదా అది? పో, పోయి ఇచ్చేసిరా."

సరళ నవ్వుకుంటూ మళ్ళీ ఎక్కింది.

అవ్వ పోయిన చాలా ఏళ్ళకు మళ్ళీ వెళ్ళాం. ఈసారి మూట బెంగళూరు దాకా వచ్చేసింది. "ఇప్పుడెవరు పట్టుకుంటారు?" అంది సరళ. బాల్కనీ కుండీలో మొక్క లేచింది. ముళ్ళు గీసుకుపోయినా తనే నీళ్ళు పోసేది.

పోయినేడాది ఆసుపత్రి మంచం మీద ఒక మాట చెప్పింది.

"ఆ మొక్కను గుట్టకు ఇచ్చేసి రా. అక్కడ అవ్వ జేబు చూపించమంటే నేనేం చెప్పాలి?"

ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత ఆమె ఎక్కువ రోజులు లేదు.

ఈ వానలకు కుండీ పట్టుకుని వెళ్ళాను. చుట్టుపక్కల గుట్టలు కంకరైపోయాయి. లేఅవుట్లు వచ్చాయి. మా గుట్ట మాత్రం ఉంది... చుట్టూ కంచె, రక్షిత అడవి అని బోర్డు. గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు.

"బయటి మొక్కలు లోపల నాటేదానికి లేదప్పా."

వెనక్కి తీసుకెళ్ళి ఆమె ఫొటో ముందు ఎలా నిలబడను?

"బయటిది కాదప్పా, ఇక్కడిదే. మా ఆవిడ తీసుకెళ్ళింది... ఇచ్చేయమంది."

అతను ఒక ఆకు తుంచాడు. పాలు కారాయి. కలివేనని తలూపి, పైవాళ్ళకు ఫోన్ చేసి కన్నడలో ఏదో మాట్లాడాడు. గడ్డపార చేతికి తీసుకుని అడిగాడు.

"ఆయమ్మ రాలేదా?"

"లేదప్పా... ఆమె లేదు."

గడ్డపార నా చేతిలో పెట్టాడు. "రాండప్పా. మీ చేత్తోనే నాటండి."

నాటి దిగేటప్పుడు అవ్వ కూర్చునే బండ దగ్గర, అలవాటుగా జేబులు తడుముకున్నాను. ఖాళీ.

ఆ కంచె వేసిందెవరో నాకు తెలియదు. వాళ్ళకు దండం. సరళ మాట చెల్లించడానికి ఒక చోటు మిగిల్చారు...

మీరు పండ్లు కోసుకు తిన్న గుట్ట ఇంకా నిలబడి ఉందా? ఉంటే చెప్పండి. వినాలని ఉంది.