అరకులో ఆడిన ఊపిరి

ఆ రోజు మా బావది పొద్దుటి షిఫ్టు. మా బావ అంటే నా మొగుడే, మేనత్త కొడుకు. వైజాగు పోర్టులో క్రేను నడిపేవాడు. మల్కాపురంలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. వంటింటికి ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడలోకి చూస్తూ ఉండేది.

పొట్టు పొయ్యి కూరుతున్నాను. గ్యాసు పొయ్యి మీద వండే ఇప్పటి కోడళ్ళకి అదేమిటో తెలియకపోవచ్చు. రేకు డబ్బా మధ్యలో ఓ సీసా నిలబెట్టి, చుట్టూ రంపం పొట్టు పోసి గట్టిగా దట్టించి, సీసాని మెల్లగా పైకి లాగెయ్యాలి. మిగిలిన కన్నంలోకి కింద నుంచి పుల్ల ముట్టిస్తే పూటంతా రాజుకుంటూ ఉంటుంది. పొట్టు చవక, రంపం మిల్లు దగ్గరే, బస్తాలు వంటింట్లోనే. ఆ పొద్దున సీసా లాగుతూండగా గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టయింది. లోపలికి వెళ్ళిన గాలి బయటకి రానంది. గొంతులో పిల్లికూతలు. గోడ పట్టుకుని నిలబడిపోయాను.

మా అత్త తొంగి చూసింది. "ఏటే సత్తీ, అలా నిలబడిపోయేవు? ఆడికి కేరేజీ ఎప్పుడు సద్దుతావు?"

పెళ్ళికి ముందు ఆవిడ నన్ను "నా తల్లి" అని తప్ప పిలిచేది కాదు. నాన్నకి స్వయానా చెల్లెలు. మేనత్త ఇంటికి వెళ్తోంది, దీనికేం లోటని అందరూ నా అదృష్టాన్ని తెగ పొగిడారు.

ఆయాసం ముందు వారానికోసారి వచ్చేది, తరవాత రోజూ. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు. గోడకి దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. వీధి చివరి డాక్టరు రక్తం తీయించి "ఇస్నోఫీలియా" అన్నాడు. ఆయన రాసిన మాత్రలకి కడుపులో తిప్పి వాంతులయ్యాయి, పిల్లికూతలు మాత్రం పోలేదు. అప్పుడు ఎక్స్‌రే, కఫం టెస్టు. టీబీ అయి ఉంటుందని మా అత్త నా కంచం, గ్లాసు వేరే పెట్టేసింది. నెగెటివ్ వచ్చింది. కంచం, గ్లాసు మాత్రం మళ్ళీ గూట్లోకి రాలేదు. ఏ జబ్బుకి నన్ను వెలివేశారో నాకు ఈనాటికీ తెలియదు.

ఆఖరికి ఆ డాక్టరు మా బావతో, "నెర్వస్ టైపు. పిల్లలు లేరు కదా, మనసులో పెట్టుకుంటోంది. చేంజ్ ఆఫ్ క్లైమేట్ ఇప్పించండి," అన్నాడు. నన్ను ఒక్క మాటా అడగలేదు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను.

మా అన్నయ్య అప్పుడు అరకులో రైల్వే ఉద్యోగి. నన్ను చూడ్డానికి వచ్చి భయపడ్డాడు. "బావా, ఈ ఏసంగి ఎండల్లో సెల్లిని నాతో పంపీ. అక్కడ సల్లగుంటాది," అన్నాడు. మా బావ తల్లి మొహం చూశాడు.

"ఎల్లనీ," అంది మా అత్త. "పనీపాటా నేకుండా కూకుంటే ఎవులికైనా బాగుంటాది."

వైజాగులో చెమటతో జాకెట్టు వీపుకి అతుక్కుపోయే రోజుల్లో రైలెక్కాను. సొరంగం తరవాత సొరంగం. చీకట్లోంచి బయటపడిన ప్రతిసారీ కిటికీలోంచి వచ్చే గాలి ఇంకొంచెం చల్లగా ఉండేది. నాలుగైదు సొరంగాలు దాటాక మా అన్నయ్య తన తువ్వాలు తీసి నా భుజాల మీద కప్పాడు. వేసవికాలంలో కప్పుకోవడం! నాకు నవ్వొచ్చింది. నవ్వాక దగ్గు వస్తుందని ఆగాను. రాలేదు.

అరకులో నేను బతికిన ఆ వేసవి గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. పొద్దున్నే కొండల నడుమ తెల్లగా మంచు పట్టి ఉండేది. ఎండ ఎక్కినా ఒళ్ళు కాలేది కాదు, ఎదురుగా కూర్చుని కాచుకోవాలనిపించేది. మధ్యాహ్నం ఓ జల్లు పడి వెళ్ళిపోయేది. రాత్రికి రగ్గు. మా వదిన వంటసాల పెరట్లో విడిగా ఉండేది. నన్ను ఆ ఛాయలకే రానిచ్చేది కాదు. "పుట్టింటికొచ్చినట్టుండు. నా పని నాను సేసుకుంటాను. నువ్వెల్లి పిల్లల్తో తిరుగు," అనేది.

తిరిగాను. మేనకోడళ్ళిద్దరితో తొక్కుడుబిళ్ళ ఆడాను, ఇరవై రెండేళ్ళ దాన్ని. సంతకి నడిచి వెళ్ళి పనసకాయ భుజాన వేసుకుని మెరక మీదుగా ఇంటికి తెచ్చాను. దారిలో ఆగలేదు. బట్టలు ఉతుకుతూ గొంతెత్తి పాడాను. ఓ రాత్రి మెలకువ వచ్చి చూసుకుంటే నేను వెల్లకిలా పడుకుని ఉన్నాను. రెండు చేతులూ చాపుకుని, మంచమంతా నాదే అన్నట్టు. లేవకుండా అలాగే పడుకుని ఊపిరి పీల్చుకుంటూ ఏడ్చాను. ఊపిరి పీల్చుకోవడం అంత సుఖంగా ఉంటుందని ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి తెలియదు.

నన్ను తీసుకెళ్ళడానికి మా బావ వచ్చిన రోజు, పిల్లలతో పందెం వేసి వాలు మీదకి పరిగెడుతున్నాను. అతను చూశాడు. పాపం సంతోషించాడు కూడా. ఇంటికి రాగానే వాళ్ళమ్మతో, "సత్తి అక్కడ లేడిపిల్లలా గెంతుతోందే అమ్మా. ఒక్క దగ్గు నేదు, పొయ్యి పని కూడా నేదు," అన్నాడు.

ఆ మాటతోనే నా కొంప మునిగింది.

వచ్చిన మర్నాడు పొయ్యి కూరాను. ఆ మర్నాటికి పిల్లికూతలు. మా అత్త గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "పొయ్యి కాడికెల్తే సాలు, దీనికి రోగమొచ్చేత్తాది. కొండ మీద పొయ్యి కాడికెల్లనేదు, అందుకే గెంతింది."

ఆ మాట వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. పక్కింటివాళ్ళకి, చుట్టాలకి, నీళ్ళ కుళాయి దగ్గర. పెళ్ళిళ్ళలో నన్ను చూపించి, "అరకులో పరుగులెట్టే ఆయాసం మాది," అంటే అందరూ నవ్వేవారు. నేను నవ్విన ఆ కొద్ది రోజులకీ నాలుగేళ్ళు దెప్పులు తిన్నాను. మళ్ళీ అన్నయ్య పిలిస్తే పంపలేదు. పంపితే నాటకం ముదురుతుందట. మా బావ ఏమీ అనేవాడు కాదు. మంచివాడని అతనికి పేరు. ఆ మంచితనం నాకు ఒక్క పూట కూడా పనికిరాలేదు.

నాలుగో ఏడు వానాకాలంలో పొట్టు తడిసి ఇల్లంతా పొగ కమ్మింది. ఆ రోజు నా గోళ్ళు నీలంగా మారాయి. రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆక్సిజన్ పెట్టారు, ఊపిరి ఆడ్డానికి ఎమైనోఫిలిన్ ఇంజెక్షన్ చేశారు. మర్నాడు వార్డుకి ఓ లేడీ డాక్టరు వచ్చి నా వీపు మీద స్టెత్ పెట్టి చాలాసేపు విన్నారు. "ఎప్పుడొస్తుంది?" అని నన్నే అడిగారు.

నేను నోరు తెరిచేలోపే మా అత్త అందుకుంది. "పొయ్యి కాడికెల్తే వత్తాదమ్మా. అరకులో నెల్రోజులున్నాది, పొయ్యి ముట్టనేదు, ఒక్కపాలైనా రానేదు. ఇదంతా ఏసం."

డాక్టరమ్మ ఆవిడ వంక చూశారు. నవ్వలేదు. "మీరు చెప్పిందే కరెక్టు. పొయ్యి దగ్గరకి వెళ్తేనే వస్తోంది. ఏం పొయ్యి మీది?"

"పొట్టు పొయ్యండి," అన్నాడు మా బావ.

"ఇది బ్రాంకియల్ ఆస్తమా. డస్ట్, స్మోక్, రెండూ పడవు. ఈ అమ్మాయి ఆ వంటింట్లో అడుగు పెట్టకూడదు. ఇన్నాళ్ళూ అరకు సంగతి ఎవరికీ చెప్పలేదా మీరు?"

చెప్పకపోవడమా! మల్కాపురమంతా చెప్పింది మా అత్త. రోజూ మా గుమ్మంలో నిలబడి ఆవిడ అరిచిన మాటే నా జబ్బు పేరు. విన్నవాళ్ళందరూ నవ్వారు గాని, ఆ మాట నిజమేమోనని ఒక్కరికీ తట్టలేదు, నాతో సహా. "ముందే వచ్చి ఉంటే బాగుండేది. కొంత డామేజ్ ఉండిపోతుంది," అన్నారు డాక్టరమ్మ. అవును, ఉండిపోయింది.

ఇంటికి వచ్చాక పొయ్యి మా అత్త చేతికి వెళ్ళింది. గ్యాసు కనెక్షను పెట్టిద్దామంటే, పేరు రాయించుకున్నవాళ్ళ వరసలో మన వంతు రావాలిగా, ఏళ్ళు పడుతుందన్నాడు మా బావ. ఆవిడ సణుగుతూ పొట్టు కూరేది. రెండు గదుల ఇంట్లో పొగ ఎక్కడికి పోతుంది? నాకు సగమే తగ్గింది. అలా ఓ చలికాలం గడిచేసరికి మా అత్తకి దగ్గు పట్టుకుంది. అంతే, మా బావ ఎవరినో పట్టుకున్నాడు, ఎక్కడో సిఫార్సు చేయించాడు. నెల తిరక్కుండా గ్యాసు బండ ఇంట్లో దిగింది. నా గోళ్ళు నీలమైతే కదలని వరస, వాళ్ళమ్మ దగ్గితే కదిలింది.

ఆ వేసవిలో "అమ్మకి గాలి మార్పు కావాలి" అని మమ్మల్నిద్దరినీ అరకు పంపాడు. మా అన్నయ్య ఇంటి అరుగు మీద శాలువా కప్పుకుని కూర్చుని ఆవిడ కొండల వంక చూసింది. "ఓలమ్మ, ఊపిరి ఎంత బాగా ఆడతందే సత్తీ! వచ్చిన కాడినుంచీ ఒక్క దగ్గు రానేదు."

"పొయ్యి కాడికెల్లనేదు గదా అత్తా," అన్నాను. అని ఆవిడ మొహమే చూస్తున్నాను. ఎన్నేళ్ళుగా దాచుకున్న మాటో అది.

"అవునే," అంది. "నిజమే. పాడు పొయ్యి, ఎంత పొగ మింగేనో." శాలువా సర్దుకుని, "కాఫీ తెత్తావేటి?" అంది.

ఆవిడకి ఏమీ గుర్తులేదు. వదిన వంటసాల గుమ్మం బయటే నిలబడి గ్లాసు అందుకుని తెచ్చి ఇచ్చాను.

ఇప్పుడు నాకు ఇన్‌హేలర్ ఉంది. మద్దిలపాలెం వైపు గాలి ఆడే ఇంట్లో ఉంటున్నాం. మెట్లు రెండు అంతస్తులు ఎక్కగలను, మధ్యలో ఆగి. పనసకాయ భుజాన వేసుకుని మెరక ఎక్కడం మాత్రం ఆ ఒక్క వేసవితో సరి.

ఆయాసంతో బాధపడే అక్కచెల్లెళ్ళకి ఒకటే చెబుతాను. డాక్టరు దగ్గరకి వెళ్ళినప్పుడు ఎక్కడ ఎక్కువైందో అదొక్కటే చెప్పి ఊరుకోకండి, ఎక్కడ బాగుందో, అక్కడ ఏ పని చెయ్యలేదో కూడా మీ నోటితో మీరే చెప్పండి. బాగున్నందుకు ఇంట్లో ఎవరైనా దెప్పితే మారుమాట్లాడకుండా వాళ్ళనే ఒక పూట ఆ పొయ్యి ముందు కూర్చోబెట్టండి. గ్యాసు తొందరగా వస్తుంది.