బావ కజిన్ కాదన్నాను

మొన్న ఆదివారం ప్లెయిన్స్‌బరోలో మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, రెడ్‌మండ్ నుంచి మా అమ్మాయి వీడియో కాల్ చేసింది. వచ్చే అక్టోబరులో దాని పెళ్లి. అబ్బాయిది ఒహాయో, తెలుగు రాదు గానీ పప్పన్నంలో ఆవకాయ కలుపుకుని కళ్లనీళ్లు తుడుచుకుంటూ మారు అడుగుతాడు, నాకు అంతకన్నా ఏం కావాలి? ఈ కాలపు పిల్లలు గదా, పెళ్లికి ముందే ఇద్దరూ జన్యుపరీక్షలు చేయించుకుంటున్నారు. దానికి ఆన్‌లైన్‌లో ఏదో ఫారం నింపాలట. ప్రశ్నలు నాకు వినబడేలా చదువుతూ, వాటికి తనే జవాబులు చెప్పుకుంటూ టకటకా నొక్కుకుంటూ పోతోంది. ఒకచోట ఆగి పకపకా నవ్వింది.

"అమ్మా, ఇది విను. మీ పేరెంట్స్ బ్లడ్ రిలేటివ్సా అని అడుగుతున్నారు. లైక్, కజిన్సా అని! సో వియర్డ్. నో పెట్టేస్తున్నా."

"ఆగు, నొక్కకు" అన్నాను.

ఇరవై ఏడేళ్ల పిల్లకు ఇంతవరకూ ఆ సంగతి తెలియదంటే మీరు నమ్మరు, ఆ క్షణంలో నేనూ నమ్మలేకపోయాను. దాచామా అంటే దాచలేదు, మన భాషే దాచిపెట్టింది. నేను మావారిని బావా అని పిలిస్తే, అది హనీ లాంటి ముద్దుమాట అనుకుందట. మామగారిని మావయ్యా అంటాను, కోడళ్లందరూ అనే మాటే గదా, ఆయన మా అమ్మకు సొంత అన్నగారనీ, నాకు మాటలు వచ్చిన నాటినుంచీ ఆయన నాకు మావయ్యేననీ దానికి తోచే దారేది? అన్నిటికన్నా వింత మా అమ్మమ్మ సంగతి. నేను మా అమ్మమ్మ కబుర్లు చెప్పేదాన్ని, వాళ్ల నాన్న తన నాయనమ్మ కబుర్లు చెప్పేవారు, ఇండియాలో ఇద్దరు ముసలమ్మలు ఉండేవారనీ, ఆశ్చర్యంగా ఇద్దరికీ బెల్లం కాఫీయే ఇష్టమనీ, ఇద్దరికీ కోపం ముక్కుమీదే ఉండేదనీ మా పిల్ల ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చింది.

దాన్ని చూసి నవ్వడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే దాని కడుపులో పడ్డ కొత్తల్లో, అంటే అది నా కడుపులో పడ్డ కొత్తల్లో, చూశారా తడబాటు, ఈ ప్రశ్నకే నేనూ ఇదే జవాబు చెప్పాను. అదీ నవ్వుతూ కాదు, కోపంగా.

అప్పుడు మేము పార్సిప్పనీలో ఒక అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లం. బావ హెచ్‌వన్ మీద వచ్చిన కన్సల్టెంటు, ఉన్న ఒక్క కారూ పొద్దున్నే ఆయనతోపాటు క్లయింటు దగ్గరికి పోయేది, నాదేమో ఉద్యోగం చేయడానికి వీల్లేని వీసా. తణుకులో బీయెస్సీ జువాలజీ మొదటి తరగతిలో పాసయినదాన్ని, ఇక్కడ లాండ్రీ గదిలో ఏ డ్రయ్యరు బాగా ఆరబెడుతుందో పరిశోధన చేస్తూ కాలక్షేపం చేసేదాన్ని. ఆ రోజుల్లో అలా నాలుగు గోడల మధ్య ఉన్న ఆడవాళ్లు మీలో ఎందరో ఉంటారు, వివరించి చెప్పనక్కర్లేదు. మూడో నెలలో చేసిన రక్తపరీక్షలో ఎర్రకణాలు ఉండవలసినంత పెద్దగా లేవని తేలింది. ఒంట్లో ఐరన్ సరిపడా ఉంది, అయినా కణాలు చిన్నవే. ఇంకో పరీక్ష చేసి, నువ్వు తలసేమియా క్యారియర్‌వి, అంటే ఆ జబ్బు నీకు లేదు గానీ దాని విత్తనం ఒకటి నీలో ఉంది అని చెప్పి, వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల గురించి సలహా చెప్పే ఒక జెనెటిక్ కౌన్సిలర్ దగ్గరికి మమ్మల్ని పంపారు.

ఆవిడ నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు, అచ్చం మా కాలేజీ లెక్చరరులా ఉంది. బావకు సెలవు దొరకక నన్ను అక్కడ దింపి ఆఫీసుకు వెళ్లిపోయారు. ఆవిడ పెద్ద తెల్లకాగితం పరిచి, ఆడవాళ్లకు సున్నాలు, మగవాళ్లకు చతురస్రాలు గీస్తూ మా కుటుంబాన్ని రాసుకోవడం మొదలుపెట్టింది. మొదటి ప్రశ్నే, నువ్వూ నీ భర్తా కజిన్సా అని. నాకు ఒళ్లు మండిపోయింది. మీకు గుర్తుందో లేదో, మా తణుకు ఇంగ్లీషులో కజిన్ అంటే కజిన్ బ్రదరే, పెదనాన్న కొడుకు, పిన్ని కొడుకు, అంటే వరసకు అన్నదమ్ములు. అన్నను పెళ్లి చేసుకుంటామా ఎక్కడైనా? నో, నో, నో అన్నాను. అంతటితో ఊరుకోకుండా, మా దేశంలో అలాంటివి మహాపాపమనీ, వరస కాని సంబంధం గురించి ఆలోచనే రానివ్వమనీ నాకొచ్చిన ఇంగ్లీషులో ఒక చిన్న ఉపన్యాసం దంచాను. ఆవిడ క్షమాపణ చెప్పింది. నేను పెద్దమనసుతో క్షమించాను.

అక్కడినుంచి బొమ్మ సజావుగానే సాగింది. మీ అమ్మకు తోబుట్టువులు? ఒక్క అన్నగారు, ఉండేది తణుకు, వయసు అరవై రెండు, షుగరు ఉంది. ఒక చతురస్రం పడింది. మీవారి తండ్రి? ఉండేది తణుకు, వయసు అరవై రెండు, షుగరు ఉంది. కాగితానికి ఈ చివర మరో చతురస్రం పడబోతూ పెన్సిల్ ఆగిపోయింది. ఇద్దరిదీ ఒకే ఊరా అని అడిగింది. ఊరేమిటి, ఇద్దరూ ఒకరేగా అన్నాను, ఆ మాత్రం అర్థం కాలేదా అన్నట్టు.

ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. నా చేత మూడుసార్లు చెప్పించుకుని, రబ్బరు తీసి సగం బొమ్మ చెరిపి కొత్తగా గీసింది. మామూలుగా పైకి పోయేకొద్దీ విప్పారవలసిన వంశవృక్షం, మా విషయంలో కొంతదూరం విప్పారి మళ్లీ ముడుచుకుని, అచ్చం గాలిపటంలా తయారైంది. అడుగున కడుపులో బిడ్డ, రెండు పక్కలా నేనూ బావా, ఆ పైన మా అమ్మా మావయ్యా, కొసన ఒక్క సున్నా, మా అమ్మమ్మ. నాకూ బావకూ మధ్య ఒక గీత ఉన్నచోట రెండు గీతలు గీసింది. రక్తసంబంధానికి అది గుర్తట. సిగ్గుతో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, నిమిషం కిందటి ఉపన్యాసం చెవుల్లో గింగురుమంటోంది.

కానీ ఆవిడ నవ్వలేదు, ఛీ అనలేదు, నిదానంగా వివరించింది. మనలో ప్రతి లక్షణానికీ రెండు ప్రతులు ఉంటాయనీ, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయనీ, ఏ ప్రతి బిడ్డకు అందుతుందో ప్రతిసారీ బొమ్మా బొరుసేననీ చెబుతూ ఒక పెట్టె గీసి దాన్ని నాలుగు గళ్లు చేసింది. ఆ గళ్లను చూడగానే గుర్తుపట్టాను. అవి నా రికార్డు పుస్తకంలో నేను రంగు పెన్సిళ్లతో గీసిన గళ్లే. పొడుగు బఠానీ, పొట్టి బఠానీ, వాటి పిల్లలు, మనుమలు. ఆ పాఠం గడగడా అప్పజెప్పి నూటికి తొంభై మార్కులు తెచ్చుకున్నాను గానీ, ఆ బఠానీని నేనేనని నాకు ఏనాడూ తట్టలేదు.

మా అమ్మమ్మ జీవితమంతా పాలిపోయిన ముఖంతోనే బతికింది. రక్తం తక్కువని ఊళ్లో డాక్టరుగారు ఇచ్చిన ఎర్ర టానిక్కులు సీసాలకు సీసాలు తాగింది, రాగిజావ, ఖర్జూరం, మునగాకు, ఎవరేం చెబితే అది తినేది, అయినా ఆ రంగు మారలేదు. నేను పుట్టినప్పుడు అమ్మమ్మ పోలికే అన్నారట, బావ పుట్టినప్పుడూ నాయనమ్మ నోట్లోంచి ఊడిపడ్డాడన్నారట. ఉయ్యాల చుట్టూ చేరిన ముత్తయిదువులు ముక్కూ చెవులూ చూసి చెప్పిన ఆ మాట వెనక ఎంత నిజం ఉందో! జన్యువులో అచ్చుతప్పులాంటి, కంటికి కనబడని ఒక్క అక్షరం, ఆవిడ ఒంట్లోంచి కొడుక్కీ కూతురికీ వెళ్లి, వాళ్లనుంచి మా ఇద్దరికీ వచ్చి, మాతోపాటు సముద్రాలు దాటి పార్సిప్పనీ చేరి కూర్చుంది. భయం తరువాత వేసింది, ముందు వేసింది మాత్రం ఆశ్చర్యమే. గుడిలో విగ్రహం ముందు నిలబడ్డప్పుడు కూడా నేనంత చిన్నదాన్ని అయిపోలేదు.

వారంలో బావ రక్తపరీక్ష కూడా వచ్చింది. అనుకున్నట్టే ఆయనా క్యారియరే. అంటే నాలుగు గళ్లలో ఒకటి బిడ్డకు జీవితాంతం రక్తం ఎక్కిస్తూ ఉండవలసిన జబ్బు, రెండు మాలాగే, ఒకటి అసలేమీ లేకుండా. బిడ్డ ఏ గడిలో ఉందో తెలియాలంటే ఉమ్మనీరు తీసి పరీక్ష చేయాలన్నారు. తీశారు. ఫలితానికి రెండు వారాలన్నారు.

కాలింగ్ కార్డు గీకి అమ్మకు ఫోన్ చేస్తే, "మన వంశానికి లోపం అంటగడతారటే ఆ దొరసానులు? మీ అమ్మమ్మ ఎనభై ఏళ్లు రాయిలా బతకలేదూ?" అని నా మీద ఇంత ఎత్తున లేచింది, లేచి, లైను తెగేలోపు ఏడ్చేసింది. ఆ రెండు వారాలూ ఎలా గడిచాయో చెప్పలేను గానీ ఒక్క సంగతి చెబుతాను. బావా అన్న పిలుపు నా గొంతు దాటి బయటికి రాలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను పిలిచిన పిలుపు, అదేదో తప్పు మాటలా అయిపోయింది. అన్నం వడ్డిస్తూ ఏమండీ అన్నాను. ఆయన తలెత్తి చూసి, "ఏమండీ ఏంటే, నేనెవర్నో పరాయివాణ్ణయినట్టు?" అన్నారు.

కౌన్సిలర్ దగ్గరినుంచి ఫోన్ వచ్చినప్పుడు బావ ఇంట్లోనే ఉన్నారు. ఆడపిల్ల, మీ ఇద్దరిలాగే క్యారియర్, ఆరోగ్యంగా ఉంటుంది అంది. ఫోన్ చేతిలో ఉండగానే బావా, బావా అని అపార్ట్‌మెంటంతా వినబడేలా అరిచాను. కాస్త తేరుకున్నాక, ఊరికే తెలుసుకుందామని, ఆ అక్షరం పిల్లకు ఎవరినుంచి వచ్చింది, నానుంచా ఆయన నుంచా అని అడిగాను. తెలుసుకునే వీలు లేదు, ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకటే, ఆవిడదే అంది. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇదంతా మొన్న మా అమ్మాయికి చెప్పాను. తను క్యారియర్ అని దానికి చిన్నప్పటినుంచీ తెలుసు, స్కూలు ఫారాలలో రాసేవాళ్లం. దాని వెనక ఉన్న ఈ రెండు వారాలు మాత్రం తెలియవు. ఇద్దరు ముసలమ్మలూ ఒకరేనని తెలిసి కాసేపు నవ్వింది. తరువాత నవ్వు ఆగిపోయింది.

"అమ్మా, ఆ రిపోర్ట్ బ్యాడ్‌గా వచ్చి ఉంటే... నన్ను ఉంచుకునేవాళ్లా?"

ఈ ప్రశ్న ఏదో ఒకనాడు వస్తుందని నాకు తెలుసు. ఉంచుకునేదాన్నే తల్లీ అనడానికి నోటిదాకా వచ్చింది కూడా. కానీ అది నిజమో కాదో నాకే తెలియదు. ఆ రెండు వారాలలో ఒక రోజు అవుననుకున్నాను, ఒక రోజు కాదనుకున్నాను. తెలియదమ్మా అన్నాను. తెరమీద దాని ముఖం కదలలేదు. "ఓకే. నువ్వు అబద్ధం చెప్పలే" అంది, అని 'ఎస్' నొక్కింది.

ఒహాయో అబ్బాయి రిపోర్టు ముందే వచ్చేసింది, అతనిలో ఆ అక్షరం లేదు. కనుక నా మనుమలకు ఆ జబ్బు భయం లేదు, నేను దేవుణ్ణి అడిగింది అదే. ఇప్పుడు మా వైపు మేనరికాలు ఎవరూ చేసుకోవడం లేదు, చేసుకోకపోవడమే మంచిది, ఆ మాట నేనే పదిమందికి చెప్పాను. అమ్మమ్మ అక్షరం ఇకముందు పిల్లల్లో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, ఏ ఇంట్లోనూ రెండువైపులనుంచీ వచ్చి కలుసుకోదు. ఒకే ముసలమ్మను భార్య అమ్మమ్మా అనీ, భర్త నాయనమ్మా అనీ పిలుస్తూ, ఆవిడ నాకెక్కువంటే నాకెక్కువని వాదులాడుకునే ఇల్లు మా వంశంలో మాదే ఆఖరు. కావాలని కోరుకున్నదే జరిగింది. మరి ఫోన్ పెట్టేశాక, అంత సేపు ఏడ్చానెందుకో నాకు తెలియదు.