పాత డిస్కుకు మూడు చిల్లులు

ఆయన లిఫ్టు మెకానిక్కు. వీధిలో అందరికీ లిఫ్టాయన. ఇరవై ఆరేళ్ళు జనాన్ని పై అంతస్తులకు చేర్చే పని చేశాడు గానీ, కాపురం మాత్రం మూడో అంతస్తులో, లిఫ్టు లేని ఇంట్లో. ఎందుకని ఎవరైనా అడిగితే, "లిఫ్టున్న ఇంట్లో ఉంటే ఆదివారం కూడా తలుపు కొడతారు" అనేవాడు.

ఆయనకు రాని పని లేదు. కనీసం రాదన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. మిక్సీలు, గడియారాలు, పక్కింటివాళ్ళ కుట్టుమిషను, దేనికీ భయపడేవాడు కాదు. బాగు చేసినవాటిలో సగం మళ్ళీ తిరిగేవి. మిగతా సగానికి ఆయుష్షు తీరిపోయిందని తేల్చేవాడు. భార్య రేడియో మాత్రం ఈ రెండు జాబితాల్లోనూ చేరకుండా, నాలుగేళ్ళుగా బీరువా మీద ఒక సంచిలో కోలుకుంటూ ఉండేది.

భార్య పని వేరు. అంధుల గ్రంథాలయం కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసేది. పడకగదిలో కిటికీ మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ రోజుకొక అధ్యాయం. ఆ ఏడాది ఆమె చదువుతున్నది నష్టపరిహారాల చట్టం మీద ఒక లావుపాటి పుస్తకం. దాని కోసం ఎదురుచూస్తున్నది చూపు లేని ఒక లా విద్యార్థిని. ఒకసారి తప్పింది. ఈసారి కూడా తప్పితే కాలేజీవాళ్ళు సీటు ఉంచరు. పుస్తకంలో చివరి ఆరు అధ్యాయాలు మిగిలుండగా, మంచి వాక్యం మధ్యలో, చోటు అయిపోయిందని లాప్‌టాప్ మొండికేసింది.

"షాపులో ఇచ్చి పెద్ద డిస్కు వేయించుకొస్తాను" అంది ఆమె.

"వేయించడం కాదు. పాతదాంట్లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి దింపాలి. క్లోనింగ్ అంటారు."

"ఎవరంటారు?"

"తెలిసినవాళ్ళు."

"ఆ తెలిసినవాళ్ళు షాపులో ఉన్నారుగా."

"అంతా షాపువాడే చేస్తే ఇంట్లో నేనెందుకు?"

ఈ ప్రశ్నకు ఆమె దగ్గర మంచి జవాబే ఉంది. కాపురం చేయాల్సిన మనిషి కాబట్టి మింగేసింది.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి యజ్ఞం మొదలైంది. కొత్త డిస్కును ఒక వైరుతో లాప్‌టాప్‌కు తగిలించాడు. తెర మీద ఏది పాతది, ఏది కొత్తది అని వేలు పెట్టి మూడుసార్లు చదివాడు. తిరగేసి నొక్కితే ఖాళీ డిస్కు వచ్చి నిండుదాని మీద కూర్చుంటుందని ఆయనకు తెలుసు. ఆ ఒక్క తప్పూ ఆయన చేయలేదు. తరవాత పనిసంచిలోంచి 'పని జరుగుతున్నది, లిఫ్టు వాడరాదు' అన్న రేకు బోర్డు తీసి లాప్‌టాప్‌కు ఆనించాడు.

"ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్ని" అంది ఆమె. "నేనెక్కుతానా దాన్ని?"

"ప్రమాదాలన్నీ ఇలా అనుకున్నవాళ్ళకే జరుగుతాయి."

సాయంత్రం ఐదింటికి నకలు పూర్తయింది. ఇక లాప్‌టాప్ అడుగు విప్పి పాతది తీసి కొత్తది బిగించడమే. అడుగున ఉన్నవి నక్షత్రంలాంటి గాడి ఉన్న బుల్లి మరలు. ఆయన సంచిలో ఉన్నవి మోచేతంత పానాలు. ఆ సైజు స్క్రూడ్రైవరు తెప్పించుకోవడానికి శనివారం దాకా పట్టింది. ఈలోగా పాత ఫైళ్ళు కొన్ని తీసేసి, వేలెడు చోటు చేసుకుని, ఆమె రోజుకొకటి చొప్పున ఆరు అధ్యాయాలూ చదివేసింది. అదే లాప్‌టాప్ మీద. అంటే అదే పాత డిస్కులోకి. నకలు పూర్తయిన తరవాత.

ఈ మాట వినగానే చంటిపిల్లవాడికైనా విషయం తెలుస్తుంది. ఆ ఇంట్లో చంటిపిల్లలు లేరు.

మరుసటి ఆదివారం మార్పిడి జరిగింది. కొత్త డిస్కుతో లాప్‌టాప్ లేచింది. అదే తెర, అవే ఫోల్డర్లు. పెరిగిన చోటు మాత్రం తాళం వేసిన గదిలా విడిగా కనిపిస్తే, డిస్కు అమ్మిన షాపువాణ్ణి అరగంట తిట్టి, దాన్నీ కలిపేశాడు. మీసం దువ్వుకున్నాడు. పాత డిస్కు తీసుకుని బాల్కనీలోకి నడిచాడు.

లిఫ్టు పనిలో ఒక పద్ధతుంది. అరిగిన ఇనుపతాడు మార్చాక పాతదాన్ని యజమాని కళ్ళముందే ముక్కలు చేయాలి. లేకపోతే పొదుపరి మేనేజరు ఎవడో దాన్ని ఇంకో లిఫ్టుకు కడతాడు. ఆయన సర్వీసులో పాతతాడు ఒక్కటి కూడా బతికి బయటపడలేదు.

"రా, చూడు" అని భార్యను పిలిచాడు. "సొంతదారు సాక్షిగా ఉండాలి."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి సాక్షిగా నిలబడింది. ఆయన డ్రిల్లు పెట్టి వరసగా మూడు చిల్లులు వేశాడు. "ఇక దీన్ని ఎవడూ వాడలేడు" అన్నాడు. ఆయన మాటల్లో ఇంత కచ్చితంగా నిజమైనవి తక్కువ.

పది నిమిషాల తరవాత ఆమె గదిలోంచి అడిగింది. "ఏమండీ, పదమూడో అధ్యాయం ఎక్కడుంది?"

"ఎక్కడుండేది అక్కడే. ఉన్నదున్నట్టు దిగింది."

"పన్నెండు దాకా ఉన్నాయి. ఈ వారం చదివిన ఆరూ లేవు."

బాల్కనీలో ఆయన చేతిలోని డిస్కును వెలుతురుకు ఎత్తి, ఒక చిల్లులోంచి ఎదురింటి గోడ చూస్తున్నాడు.

షాపువాడు దాన్ని అటూఇటూ తిప్పి చూశాడు. "ఎవరు చేశారండీ? ఎంత శ్రద్ధగా చేశారో" అన్నాడు. అంతకుమించి చేయడానికి అతనికేమీ మిగల్లేదు.

గ్రంథాలయానికి రికార్డింగులు గురువారం చేరితేనే పరీక్షకు ముందు ఆ అమ్మాయి వినగలుగుతుంది. ఉన్నవి నాలుగు రోజులు, చదవాల్సినవి ఆరు అధ్యాయాలు. ఆమె గొంతు రోజుకొకటి కన్నా మోయదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన కంచంలోకి చూస్తూ, "రెండు నేను చదువుతాను" అన్నాడు. క్షమించమన్న మాట ఆయన నిఘంటువులో లేదు. దానికి ఆయన పెట్టుకున్న పర్యాయపదాల్లో ఇదొకటని ఆమెకు తెలుసు.

"మీరా? బోర్డు మీద నాలుగు మాటలు చదవడానికే గొంతు సవరించుకుంటారు."

"నీ పుస్తకమేమైనా సంస్కృతమా?"

ఊహ తెలిశాక మొదటిసారి రెండు రోజులు సెలవు పెట్టాడు. కిటికీ మూసి, ఫ్యాను ఆపి, బనీనుతో కూర్చుని, నోటీసు చదివినట్టు గట్టిగా చదివాడు. సాయంత్రాలు ఆమె విని సరిచూసేది. పదహారో అధ్యాయం బాగానే నడిచింది. పదిహేడో అధ్యాయంలో ఒక కేసు. లిఫ్టు తాడు తెగి, లిఫ్టు ఆరంతస్తులు కిందికి పడి, యజమాని నష్టపరిహారం కట్టిన కేసు. అక్కడ చదువు ఆగింది. కుర్చీ కిర్రుమంది. ఆ తరవాత ఆయన సొంత గొంతు.

"చూడమ్మా, ఇది తప్పు. తాడు తెగినంత మాత్రాన లిఫ్టు పడదు. వేగం పెరిగితే పట్టాలను పట్టుకునే బ్రేకు అడుగునే ఉంటుంది. రాసిన పెద్దమనిషి లిఫ్టెక్కడం తప్ప ఏమీ ఎరగడు. సరే, తీర్పు విను."

"ఇదేంటండీ?" అంది ఆమె చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి.

"ఏది?"

"పుస్తకంతో తగాదా పెట్టుకున్నారు."

"తప్పు చదివి పిల్లకు వినిపించమంటావా? రేపు లాయరై కోర్టులో లిఫ్టు పడిందంటే పరువేం కాను?"

మళ్ళీ చదవడానికి వ్యవధి లేదు. ఆ ముక్క కోసి తీసేయడం ఆమెకు వచ్చు. కోయబోయి, ఎందుకో ఉంచేసింది. గురువారం అన్నీ చేరాయి.

ఆయన పోయి రెండేళ్ళయింది. ఏ మర బిగించినా ఆమె ఇప్పటికీ ఆయనలాగే చివర్లో పావుచుట్టు వెనక్కి తిప్పుతుంది. ఎందుకో ఆయన అప్పట్లో చెప్పాడు. ఆమె వినలేదు.

ఆ ఏడాది ఫలితాలు వచ్చిన రోజు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఆయన అప్పుడు పక్కగదిలో ఎవరిదో ఇస్త్రీపెట్టె విప్పుతున్నాడు.

"పాసయ్యానండీ. ఆ చివరి ఆరింట్లోంచే మూడు ప్రశ్నలొచ్చాయి. లిఫ్టు కేసు కూడా వచ్చింది."

"ఏం రాయించావు?"

"తీర్పు పుస్తకంలో ఉన్నట్టే చెప్పానండీ. అంకుల్ చెప్పిన బ్రేకు సంగతి కూడా చెప్పబోయి ఆగిపోయాను."

"ఏం?"

"పాసవ్వాలి కదండీ."

ఆమె ఫోన్ పెట్టేసరికి ఆయన గుమ్మంలో ఉన్నాడు, చేతిలో ఇస్త్రీపెట్టె పిడితో.

"ఏమంటుంది?"

"పాసయింది. మీ లిఫ్టు కేసే వచ్చిందట."

"బ్రేకు గురించి రాసిందా?"

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఆయనకు చెప్పిన అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంకో వేలు మడిచింది.

"రాసిందట."

"ఎన్ని లైన్లు?"

"రెండు."

"రెండేనా?" అన్నాడాయన, కాస్త చిన్నబుచ్చుకుని.