అప్పన్న సార్‌కు నేను కట్టబెట్టిన పెళ్లాం

కొండగట్టు అంజన్న మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా నోటి సంగతి తెలిసినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఈ ఉదయం దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో మా పక్క ఫ్లాటువాళ్లు వెనిలా వేసిన టీ కాచారు. గోడ దాటి వాసన రాగానే అప్పన్న సార్ గుర్తొచ్చారు. ఆయన మారిషస్ నుంచి తెప్పించుకుని తాగేది ఆ టీయే. జెబెల్ అలీ గోదాములో మా ముదీర్, అంటే మేమంతా భయపడే మేనేజరు. ముత్తాతల నాడు చెరకు తోటల పనికి ఓడెక్కిన తెలుగు కుటుంబం వాళ్లది. బడిలో నేర్చిన తెలుగు కావడంతో అచ్చం పాఠ్యపుస్తకంలా మాట్లాడేవారు.

వయసు యాభైకి దగ్గరపడినా ఆయనకు పెళ్లి కాలేదు. మనవాళ్లు నలుగురున్న చోట పెళ్లికాని మగాణ్ణి ప్రశాంతంగా బతకనిస్తారా? జగిత్యాల మల్లేశ్ తన వదిన చెల్లెలి ఫోటో, జాతకం తెప్పించి వెంటపడ్డాడు. సార్ ముఖం పాలిపోవడం చూసి, ఉపకారం అనుకుని నేనొక కోత కోశాను.

"అరె మల్లేశ్, సార్‌కు పెండ్లాం ఉన్నది రా! సరస్వతమ్మ. ఆమెకు కోపమొస్తే సముద్రంల తిమింగలాలు గూడ ఒడ్డుకొచ్చి దండం పెడ్తయి!"

సంబంధం ఖలాస్. కథ మాత్రం ఆగలేదు. రోజుకింత పెంచుతూ పోయాను.

ఒక మధ్యాహ్నం అన్నాల వేళ సార్ నన్ను లారీ నీడకు పిలిచారు.

"గంగారామా, నా భార్యను నాకు తప్ప అందరికీ పరిచయము చేసితివి."

"మిమ్ముల కాపాడుదామనే సార్."

"నా ఇంట ఒక మనిషి నా కొరకు వేచియున్నాడు. మగవాడు." ఆయన గొంతు తగ్గించారు. "మా దేశములో అది జైలుకు పంపు నేరము. ఇచ్చట సంగతి నీకు తెలియును. మా కోర్టులో ఆ చట్టముపై దావా నడుచుచున్నది. చట్టము పోయినచో ఇంటికి పోయెదను. పోకున్న ఇచ్చటనే ముసలివాడనయ్యెదను."

అన్నం డబ్బాకు మూత పెట్టి, "మరి సరస్వతమ్మను ఏం జేద్దాం సార్?" అన్నాను.

"ఉండనిమ్ము. తిమింగలములను తీసివేయుము. ఇకపై నన్ను గురించి అబద్ధమాడదలచిన, ముందు నన్నడుగుము."

అప్పటినుంచి అడిగే చెప్పాను. సరస్వతమ్మ గొడుగు పట్టదనీ, వానలో తడుస్తూ వెళ్లి చేపలు తెస్తుందనీ, కూనిరాగం తీస్తూ వండుతుందనీ సార్ అందించేవారు. అవన్నీ ఎవరి అలవాట్లో మా ఇద్దరికే తెలుసు. ఆ మాటలు చెబుతున్నంతసేపూ ఆయన ముదీర్‌లా కనిపించేవారు కాదు.

2023లో మారిషస్ సుప్రీంకోర్టు ఆ వలసకాలపు చట్టాన్ని కొట్టేసింది. సార్ గోదాము మధ్యలో నిలబడి ఫోన్‌లో వార్త చదివారు. "యల్లా, పని కానివ్వండి" అని అరిచి, గోడవైపు తిరిగి చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆ వారమే రాజీనామా ఇచ్చారు. వీడ్కోలు రోజున మల్లేశ్ బృందం సరస్వతమ్మకని పట్టుచీర తెచ్చింది.

"మేడమ్‌కు మా దండాలు చెప్పున్రి సార్."

ఆయన రెండు చేతులా అందుకున్నారు. ఆ చీరను ఇప్పుడు ఆయన కోసం వేచి ఉన్న ఆ మనిషి తల్లి కడుతోంది.

ఇప్పటికీ నేను కోతలు కోస్తాను. కాకపోతే ఎవరి మీద కోయాలన్నా ముందు వాళ్లనే అడుగుతాను. ఇది రాసే ముందు కూడా ఫోన్ చేశాను.

"వ్రాయుము. ఒక్క అబద్ధము చేర్చుము. నాకు భయము లేదు కానీ, నీవింకా అచ్చటనే పని చేయుచున్నావు."

కాబట్టి ఇందులో నేను కల్పించింది అప్పన్న అనే పేరొక్కటే. అసలు పేరు ఆ ద్వీపంలో ఒక ఇంటి గేటు మీద ఉంది, ఇంకో మగవాడి పేరు పక్కన, దారిన పోయే ఎవరైనా చదువుకునేంత పెద్ద అక్షరాల్లో.