కొసరు వెయ్యని వర్తకుడు

మా మనవరాలు తెనాలిలో ఇంటర్ కామర్స్ చదువుతోంది. తండ్రికి ఇష్టం లేదు. ఇంజినీరింగ్ చదివించాలని ఆయన కోరిక. పిల్ల ఏడ్చి ఒప్పించుకుంది. ఒప్పుకుంటూనే మా అల్లుడుగారు మెలిక పెట్టారు: అకౌంట్సులో ఒక్క పరీక్ష తప్పినా కామర్స్ మాన్పించి, బాపట్ల హాస్టల్లో వేసి లెక్కల గ్రూపు చదివిస్తానని. మొదటి పరీక్ష శుక్రవారం.

మోకాళ్ల వైద్యానికని పెనుమూడి నుంచి వచ్చి వాళ్లింట్లో ఉన్నాను. ఫ్యాను కింద ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. కరెంటు దండగ. పిల్ల పైకి చదువుకుంటూ చేస్తున్న హోంవర్కు వినడం మొదలుపెట్టాను. ఎవరో వర్తకుడు బియ్యం కొన్నాడు, అమ్మాడు, ఇంత సరుకు మిగిలింది.

"కొసరు ఏదే?" అన్నాను.

"ఏంటి అమ్మమ్మా?"

కాపురానికొచ్చిన దగ్గర్నుంచి పాలమ్మినదాన్ని. కొలిచి పోశాక పైన ఇంకో గుక్కెడు పొయ్యకపోతే ఏ ఇల్లాలూ గుమ్మంలోంచి గిన్నె తీసేది కాదు. ఈ పుస్తకంలో మహానుభావుడు మాత్రం పిడికెడు కొసరు వెయ్యకుండా బస్తాలు బస్తాలు అమ్మేశాడట. వాడి ఊళ్లో ఆడవాళ్లు లేరు కాబోలు.

"మిగిలిన సరుకు కాస్త తగ్గించు."

"సార్ ఒప్పుకోరేమో."

"మీ సార్ ఎప్పుడన్నా కొట్టు పెట్టాడా?"

ఆస్తి అప్పుల పట్టీలో తగ్గించింది. అంతే, రెండు వైపుల మొత్తాలూ కలవలేదు. కలిసి తీరాలట! అన్ని వైపులా కలిసిన ఇల్లు నేనైతే ఇంతవరకూ చూడలేదు. మూడో తరగతితో ఆపేసినదాన్ని, నాకేం తెలుసు! పిల్ల కూడి కూడి అలిసిపోయి అలాగే పట్టుకెళ్లింది.

మర్నాడు పేజీకి అడ్డంగా ఎర్ర గీత కొట్టించుకొచ్చింది.

"కొసరు ఏ ఖాతానమ్మా అని అడిగారు సార్. క్లాసంతా నవ్వారు."

అల్లుడుగారు పేపరు మడిచి, "అత్తయ్యగారూ, బాపట్ల హాస్టల్లో భోజనం బాగుంటుందటండి, కనుక్కున్నాను," అన్నారు. ఎంత ముందుచూపో!

పిల్ల కళ్లనిండా నీళ్లు. నేనింక ఆ గది గడప తొక్కలేదు. పరీక్ష దాకా అది లెక్కలు చేసుకుంటుంటే వంటింట్లో చిక్కుళ్లు ఒలిచాను. దాని గదిలో ఫ్యాను పొద్దుపోయేదాకా తిరిగింది. కట్టెయ్యమనలేదు.

శుక్రవారం పిల్ల ఇంటికి రాగానే గుమ్మంలోనే అడిగాను. "కొసరు వెయ్యలేదు కదే?"

"ప్రశ్నలో ఇస్తేనే వెయ్యాలి. అయినా తగ్గిస్తే రెండు చోట్లా తగ్గించాలి అమ్మమ్మా, వర్తకపు ఖాతాలో కూడా. మనం ఒక్కచోటే తగ్గించాం, అందుకే కలవలేదు."

"మనం" అంది. పోనీలే, గుణమున్న పిల్ల.

సోమవారం మార్కులొచ్చాయి. మంచి మార్కులే. అల్లుడుగారు ఆ కాగితం ఇటు చూశారు, తిప్పి అటు చూశారు.

"వెనక వైపు ఏమీ ఉండదు బాబూ," అన్నాను.