ఏడో ముక్క

సారు దగ్గర నెట్‌వర్కింగ్ నేర్చుకున్న మిత్రులకు నమస్తే. ఆలస్యంగా రాస్తున్నా, ఏమీ అనుకోకండి. దిల్‌సుఖ్‌నగర్‌లో మీ కోచింగ్ సెంటర్ కింద వీడియో షాపు నాది. సారు పోయి పక్షం దాటింది.

ఆ కబురు నాకు ఆర్డరుగా వచ్చింది. సెంటర్ మేనేజరు ఫోన్ చేశాడు. "అన్నా, సారు పోయిండు. సాయంత్రానికి ఫ్లెక్సీ కావాలె. ఫొటో నీ తాననే ఉంటది గదా." సారు ముఖం కంటే సెంటర్ పేరు పెద్దగా పెట్టమన్నాడు. పెట్టాను. నా చేతులు చూసుకుంటే నాకే రోత.

మీకు పాఠం చెప్పిన మనిషి నాకు పని నేర్పారు. ఒకసారి పెళ్లి వీడియో మిక్సింగ్ కోసం నెట్‌లో విజయవాడ పంపాను. స్క్రీన్ మీద 'పూర్తయింది' అని పడింది. కెమెరా కార్డు చెరిపెయ్యబోతుంటే సారు టీ గ్లాసుతో మెట్లు దిగొచ్చారు.

"ఆగవయ్యా. అవతలివాడు తెరిచి చూశాడా?"

"వంద శాతం పోయింది గద సార్."

"పోయింది సరే. అందిందా?"

ఫోన్ చేశాను. జీలకర్ర బెల్లం వరకే ఉందట, తాళి లేదట. సారు టీ పక్కన పెట్టి కూర్చున్నారు. వీడియోను ముక్కలు చేసి, నంబర్లు వేసి, ఒక్కొక్కటిగా పంపించారు. ఒక్కో ముక్కకూ కంప్యూటర్ లెక్కకట్టి ఓ సంఖ్య ఇచ్చింది. రెండువైపులా అదే రావాలి, వస్తే ముక్క చెడకుండా చేరినట్టు. ఏడో ముక్కకు కలవలేదు.

"ఏడోదే మళ్లీ పంపు. మొత్తం పంపావంటే అది బద్ధకం."

తాళి అందులోనే ఉంది.

పెద్దకర్మ నాడు ఎల్‌బీ నగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. "బాబూ, నువ్వు వీడియో తీసిన పాఠాలున్నాయిగా. ఒక్కసారి ఆయన మాట వినిపించవూ" అన్నారు సారు భార్య, అమ్మగారు.

వాటి కోసం మేనేజర్ని అడిగాను.

"గవా? మస్తు పెద్దగున్నయని ఎప్పుడో తీసేసినం. గిప్పుడు గంట పాఠం ఎవరు చూస్తరన్నా, అందరికీ రీల్సే కావాలె."

తిట్టబోయాను. కానీ వాణ్ణి తిట్టే నోరు నాకెక్కడిది? ఆ పాఠాలు సెంటర్‌కు పంపి, 'పూర్తయింది' అని చూసి, పెళ్లిళ్ల సీజన్‌లో చోటు చాలక నా డిస్కులోంచి నేనే చెరిపేశాను. తెరిచి చూశారా అని ఒక్కమాట అడగలేదు. ఆయన పాఠం ఆయన పాఠాలకే వాడలేదు, ఛీ.

మొన్న మీలో ఒకతను తన పాత ఫోన్లో మిగిలిన పాఠం తునక పంపాడు. తెరిచి చూసుకుని, నిన్న నా ఫోన్లో పెట్టి అమ్మగారి చేతికిచ్చాను. సారు బోర్డు వైపు తిరుగుతూ, "ఇక్కడ అందరూ చేసే తప్పేంటంటే..." అన్నారు. అంతే, ఆగిపోయింది.

అమ్మగారు ఫోన్ చెవి దగ్గర నుంచి తియ్యలేదు.

"అయిపోయిందమ్మా" అన్నాను.

"ఉండు బాబూ, చెబుతారు."

ఆ తర్వాతి మాట మీలో ఎవరి ఫోన్లోనో ఉండే ఉంటుంది. వెతకండి. దొరికితే పంపకండి, ఆ ఫోన్ చేత్తో పట్టుకుని షాపుకు రండి. ఎప్పుడు కలుద్దాం?