బెజవాడ ముగింపు, మన ముగింపు

మా చిన్నప్పుడు... బెజవాడ నుంచి పుస్తకాల కట్ట బస్సులో దిగిందని తెలిస్తే చాలు, స్కూలు సంచీ కూడా దించకుండా సత్యం మావయ్య గారి అరుగు మీదికి పరిగెత్తేవాళ్ళం. ఆలస్యమైతే చోటు దొరికేది కాదు మరి!

మావయ్య అంటే మాకు చుట్టం కాదు. బందరులో మా వీధి పిల్లలందరికీ మావయ్యే. పగలంతా చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులకి మెరుగు పెట్టేవారు. ఇంటికొచ్చి స్నానం చేసి, మోకాలి మీద అట్ట పెట్టుకుని పిల్లల నవలలు రాసేవారు. మాంత్రికులు, ఎగిరే పడవలు, మాట్లాడే పీతలు...

"పీతలకి మాటలేంటండీ, చోద్యం కాకపోతే!" అని భారతత్తయ్య వెక్కిరిస్తే, "నువ్వు ఎప్పుడూ విన్లేదంతే" అనేవారు.

అరచేతిలో పట్టే చిన్న చిన్న నవలలు అవి. బస్టాండు బడ్డీకొట్లలో దారాలకి వేలాడుతుండేవి. గుడివాడ బస్టాండులో మావయ్య పేరున్న పుస్తకం కనబడితే మా నాన్న చెయ్యి వదిలించుకుని అటు పరిగెత్తి, తన్నులు కూడా తిన్నాను.

ఆ పుస్తకాలకి ఇన్ని పేజీలే అని ఉండేది. మావయ్యకేమో చెయ్యి ఆగదు. అందుకని పబ్లిషరు చివరి అధ్యాయాలు కోసేసి, తనే నాలుగు వాక్యాలు అతికించేవాడు. మాంత్రికుడు చచ్చాడు, అందరూ సుఖంగా ఉన్నారు... అయిపోయింది! పంపిన కాగితాలు తిరిగొచ్చేవి కావు. ఇంకో ప్రతి రాసి పెట్టుకునే ఓపిక మావయ్యకి లేదు.

అందుకే పుస్తకం రాగానే మమ్మల్ని కూర్చోబెట్టి, ఆ ఆఖరి పేజీ పైకి చదివి, టప్పున మూసేసేవారు. "ఇదర్రా బెజవాడ ముగింపు. ఇప్పుడు మనది వినండి."

మనది ఎప్పుడూ అంత సుఖంగా ఉండేది కాదు... రెక్కల గుర్రం ముసలిదైపోయేది. గెలిచిన రాజుకి కళ్ళు పోయేవి. మేం ముక్కులు చీదుకుంటూ ఇళ్ళకి పోయి, మళ్ళీ కొత్త పుస్తకం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాళ్ళం.

ఆయన ఆఖరి నవల 'ఉప్పుకోట'. సముద్రం అవతల కోటలో ఒక మాంత్రికుడు పిల్లల్ని ఉప్పుబొమ్మలుగా మార్చేస్తుంటాడు. ఓ జాలరి పిల్ల తమ్ముణ్ణి వెతుక్కుంటూ అక్కడికి వెళ్తుంది. తమ్ముడు దొరుకుతాడు. కానీ ఉప్పు... నీళ్ళు తగిలితే కరిగిపోతాడు. ఇంటికి రావాలంటే సముద్రం దాటాలి!

రాస్తూ రాస్తూ అక్కడిదాకా మాకు చెప్పి ఆపేశారు. మిగతాది పుస్తకం వచ్చాకే అన్నారు. నాకు అన్నం తింటున్నా అదే ధ్యాస. పడవ అడుగున నీళ్ళు ఊరతాయి కదా... ఎత్తుకుంటే అక్క చేతులకి చెమట పడుతుంది కదా...

సరిగ్గా ఆ పుస్తకం వచ్చిన వారమే నాకు ఆటలమ్మ పోసింది. ఇంట్లో పసివాడున్నాడని నన్ను బంటుమిల్లి అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. వేపాకుల మీద పడుకుని నేను ఏడ్చింది దురదకి కాదు.

తిరిగొచ్చేసరికి అందరూ వినేశారు. నా స్నేహితురాలు సువార్తని బతిమాలితే, "ఒకళ్ళు విన్నది ఇంకొకళ్ళకి చెప్పకూడదు, మావయ్య రూలు" అంది. నిజమే, ముగింపు ఆయన నోటే వినాలి. సరేనని వెళ్తే అత్తయ్య గుమ్మంలోనే ఆపేసింది.

"ఇప్పుడొద్దే బుజ్జీ. పిల్లల పుస్తకాలు వెయ్యడం మానేస్తున్నామని బెజవాడ నుంచి కబురొచ్చింది. ఆయన ఎవరితోనూ మాట్లాడ్డం లేదు."

టీవీలొచ్చాయి. బడ్డీకొట్లలో ఆ దారాలూ పోయాయి. మావయ్య మళ్ళీ కలం పట్టలేదు. ఎవరైనా కథల ఊసెత్తితే లేచి లోపలికి వెళ్ళిపోయేవారు.

నేను పెద్దయ్యాక అత్తయ్య చెప్పింది... మావయ్యది దివిసీమ అట. ఉప్పెనలో చెయ్యి పట్టుకున్న తమ్ముడు జారిపోయాడట. అప్పటికి మావయ్య ఇంకా కుర్రాడే. అది విన్నాక ఆయన్ని అడగడానికి నాకు నోరు రాలేదు.

పోయిన నెల చూడ్డానికి వెళ్ళాను. పక్షవాతం వచ్చాక మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. నన్నూ గుర్తుపట్టలేదు. కానీ వచ్చినవాళ్ళందర్నీ ఒకటే అడుగుతున్నారట. నన్నూ అడిగారు.

"ఆ పిల్ల... తమ్ముణ్ణి ఇంటికి తెచ్చుకుందా అమ్మాయ్?"

"తెచ్చుకుంది మావయ్యా. మాంత్రికుడు చచ్చిపోయాడు. అందరూ సుఖంగా ఉన్నారు" అన్నాను.

తల అడ్డంగా ఊపారు. "అది బెజవాడది. మనది చెప్పు."

అత్తయ్యనడిగితే, "ఆ రోజు వంటింట్లో ఉన్నానే, నేను వినలేదు" అంది.

బయటికొచ్చి సువార్తకి ఫోన్ చేశాను. "అందరం ఏడ్చామే... ఎందుకేడ్చామో మాత్రం గుర్తు లేదు" అంది. మాతోపాటు కూర్చునే కోటిగాడు ఇప్పుడు గిలకలదిండిలో ఐసు అమ్ముతున్నాడు. వాడైతే "మధ్యలో నాకు నిద్దరట్టేసిందే" అన్నాడు! ఒళ్ళు మండింది. విన్నవాళ్ళు పారేసుకున్నారు, దాచుకునే నాకు దక్కలేదు.

నిన్న అత్తయ్య ఫోన్ చేసింది. మావయ్య ఇప్పుడు ఆ మాట కూడా అడగడం లేదట. గోడ వైపు తిరిగి పడుకుంటున్నారట.

మా వీధిలో ఇప్పుడు అరుగులే లేవు, అన్నీ గేట్లే. పిల్లలకి ఫోన్ల నిండా కథలే... మీరూ చిన్నప్పుడు సగం విని వదిలేసిన కథలుంటే కింద రాయండి, చదువుతాను.

మా వీధివాళ్ళెవరైనా ఇది చూస్తే మాత్రం... ఆ తమ్ముడు ఇల్లు చేరాడో లేదో చెప్పండి. గుర్తు లేకపోతే అల్లి రాయకండి. నేనూ రోజూ ఒకటి అల్లుతూనే ఉన్నాను... ప్రతిసారీ సముద్రం మధ్యలోనే కరిగిపోతున్నాడు.